నెహ్రూ ప్లేస్: పని తెలిసి వచ్చేవారి అంగడి

దక్షిణ ఢిల్లీలో కాల్కాజీ అమ్మవారి ఆలయానికీ, 1986లో పూర్తయిన బహాయీల కమల మందిరానికీ కూతవేటు దూరంలో మరొక యాత్రాస్థలం ఉన్నది. అక్కడికి వచ్చేవారి చేతులలో కొబ్బరికాయలూ పూలూ కనిపించవు. మడతపెట్టిన కాగితం మీద రాసుకున్న సామానుల జాబితా, లోపలి జేబులో లెక్కపెట్టి దాచుకున్న డబ్బు వారి సరంజామా. ఆ స్థలం పేరు నెహ్రూ ప్లేస్. తక్కువ ఖర్చులో కంప్యూటరు కొనదలచిన ఉత్తర భారతీయులకు ఈ పేరు చెబితే వేరే వివరణ అక్కరలేదు.

నిజానికి ఈ ప్రదేశాన్ని కంప్యూటర్ల కోసం కట్టలేదు. 1962 నాటి ఢిల్లీ మాస్టర్ ప్లాన్ నగరంలోని వర్తకమంతా ఒక్కచోట పోగుపడకుండా అక్కడక్కడ జిల్లా కేంద్రాలు ఏర్పడాలని భావించింది. ఆ ఆలోచన ప్రకారం ఢిల్లీ అభివృద్ధి సంస్థ 1970ల దశకంలో ఇక్కడ కార్యాలయ భవనాల సముదాయాన్ని నిర్మించి, ప్రథమ ప్రధాని పేరు పెట్టింది. భవనాల నడుమ వాహనాలు చొరబడని విశాలమైన ముంగిలి ఉన్నది. ఒక పక్క బట్టల దుకాణాలు, మరొక పక్క ఛోలే కుల్చే బండ్లు, ఎటు చూసినా కంప్యూటర్ల పేర్లు రాసిన పలకలు. 2010లో మెట్రో రైలు వచ్చిన తరువాత ఈ అంగడికి చేరుకోవటం మరింత సులువయింది.

కంప్యూటర్లు ఇక్కడ స్థిరపడటానికి కారణం ప్రభుత్వ విధానాలలోని మార్పు. 1984 నవంబరులో ప్రకటించిన నూతన కంప్యూటర్ విధానం దిగుమతుల కట్టుబాట్లను సడలించింది. 1997లో భారతదేశం సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరింది. ఆపై కంప్యూటర్ల మీద సుంకాలు ఏటేటా తగ్గుతూ వచ్చాయి. విడిభాగాలు చౌకగా అందసాగే సరికి, వాటిని తెచ్చి, కూర్చి, అమ్మే చిన్న వర్తకులు ఈ భవనాలలోని చిన్న చిన్న గదులను ఆక్రమించారు.

ఈ అంగడికి అంతస్తులున్నట్లే తరగతులూ ఉన్నాయి. కింద, ముంగిలివైపు, పెద్ద కంపెనీల అద్దాల దుకాణాలు. అక్కడ యంత్రం మూసిన పెట్టెలో, కంపెనీ వారంటీతో దొరుకుతుంది. ఇరుకు మెట్లెక్కి పైకి పోతే, కప్పుదాకా పేర్చిన అట్టపెట్టెల మధ్య టోకు వర్తకులు కనిపిస్తారు. ఒకరు మదర్‌బోర్డులు మాత్రమే అమ్ముతారు, ఇంకొకరు మానిటర్లు, వేరొకరు ప్రింటరు టోనర్లు. అడిగిన భాగం తమ దగ్గర లేకపోయినా లేదనరు. కుర్రవాడొకడు పక్క భవనానికి పరుగెత్తి తీసుకువస్తాడు. ఇక్కడే “అసెంబుల్డ్” యంత్రాలు పుడతాయి. మరికొన్ని గదులలో పెద్ద కార్యాలయాలు వాడి వదిలేసిన యంత్రాలు దుమ్ము దులుపుకొని రెండవ జన్మకు సిద్ధంగా ఉంటాయి.

ఏ దుకాణంలో కాలుపెట్టినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: “రండి సార్‌జీ, బడ్జెట్ ఎంత?” ఈ ప్రశ్నకు వెంటనే సమాధానం చెప్పినవారు బేరాన్ని అక్కడే సగం పోగొట్టుకుంటారు. నలభై వేలని చెప్పిన మనిషికి నలభై వేల యంత్రమే చూపుతారు గాని, అతని పనికి అంత యంత్రం కావాలా, అంతకు మించినది కావాలా అన్నది ఎవరూ అడగరు. అనుభవజ్ఞులు ముందు పనిని చెబుతారు. జమాఖర్చులు, ఉత్తరాలు, పన్ను రిటర్నులు చూసుకునే కార్యాలయానికి సాధారణమైన ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్ సరిపోవచ్చు. ఒకేసారి అనేక ఫైళ్లు తెరిచి పనిచేసేవారికి 16 జీబీ మేలు. వీడియోలు కూర్చేవారికీ, భవనాల నమూనాలు గీసేవారికీ మాత్రమే విడిగా గ్రాఫిక్స్ కార్డు మీద డబ్బు పెట్టటంలో అర్థమున్నది. గుమాస్తా బల్లమీద రంగురంగుల దీపాలు వెలిగే ఆటల యంత్రం ఇంటి ముందు కట్టిన ఏనుగు వంటిది.

పనిచేసేవారి సమయాన్ని ఎక్కువగా తినివేసేది నిరీక్షణ. యంత్రం తెరుచుకోవటానికీ, ఫైలు కదలటానికీ రోజుకు 20 నిమిషాలు పోతే, ఏడాదిలో 300 పనిదినాలకు అది 100 గంటలవుతుంది. ఈ జాప్యానికి పాత యంత్రాలలో ముఖ్య కారణం తిరిగే హార్డ్ డిస్క్. దానిలో అడిగిన సమాచారం ఉన్న చోటికి చేరటానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీకి అందులో నూరవ వంతు చాలు. అందువల్ల ప్రాసెసరు ఒక మెట్టు తగ్గినా ఫరవాలేదు, ఎస్‌ఎస్‌డీ మాత్రం ఉండి తీరాలని ఇక్కడి మరమ్మతుదారులు చెప్పే మాట శాస్త్రసమ్మతమే. ర్యామ్ విషయంలో వేరొక జాగ్రత్త అవసరం. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల 2025 చివరి నెలలలో మెమరీ చిప్పుల ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. గత సంవత్సరం మిత్రుడు కొన్న ధర పట్టుకుని ఈ మెట్లెక్కటం వృథా. ఇప్పుడు తక్కువ ర్యామ్‌తో సరిపెట్టుకున్నా, తరువాత చేర్చుకోవటానికి మదర్‌బోర్డులో ఖాళీ స్థానం ఉన్నదా అని చూసుకోవాలి.

వాడిన యంత్రాల గదులలో వినిపించే మంత్రం “ఐ5”. ఆ పేరుతో 2009 నుంచి ఎన్నో తరాల ప్రాసెసర్లు వచ్చాయి కనుక, ఆ మాట ఒక్కటే ఏమీ చెప్పదు. దాని వెనుక ఉన్న అంకెను చదవాలి. ఐ5-6500 ఆరవ తరానిది, 2015 నాటిది. ఐ5-8500 ఎనిమిదవ తరానిది, 2018 నాటిది. ఐ3-12100 పేరులో చిన్నదైనా పన్నెండవ తరానిది, 2022 నాటిది. ఆరవ తరపు ఐ5 కంటే వేగమైనది. ఈ అంకెల మీద ఈనాడు మరొక పెద్ద విషయం ఆధారపడి ఉన్నది. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతును ముగించింది. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 అనే భద్రతా సదుపాయం, ఇంటెల్ కంపెనీదైతే దాదాపుగా ఎనిమిదవ తరం లేదా ఆ తరువాతి ప్రాసెసరు కావాలి. అంతకు ముందరి యంత్రం చవకగా దొరికితే, ఆ చవకకు కారణం ఇదే కావచ్చు. లైనక్స్‌తో పనిచేయగలవారికి అది ఇప్పటికీ ఉపయోగపడుతుంది. పన్ను రిటర్నులకూ, బ్యాంకు లావాదేవీలకూ విండోస్ మీద ఆధారపడేవారికి మాత్రం అది ముందుముందు చిక్కులు తెచ్చే బేరం.

డబ్బు తగ్గించవలసి వచ్చినప్పుడు చాలామంది కంటికి కనిపించని భాగాల మీద కత్తెర వేస్తారు. విద్యుత్తును అందించే ఎస్‌ఎమ్‌పీఎస్ వాటిలో మొదటిది. నాసిరకం ఎస్‌ఎమ్‌పీఎస్ చెడినప్పుడు ఒక్కొక్కసారి మదర్‌బోర్డును కూడా వెంట తీసుకుపోతుంది. కరెంటు తరచుగా పోయే ఊళ్లలో యూపీఎస్ లేకుండా కంప్యూటరు పెట్టటం చూరు కారే గదిలో పుస్తకాలు పరచటం వంటిది. రోజుకు 8 గంటలు కళ్లప్పగించి చూడవలసిన మానిటరు కూడా పొదుపు చేయవలసిన వస్తువు కాదు.

చివరి ప్రశ్న బిల్లు దగ్గర వస్తుంది. “పక్కా బిల్లా, కచ్చా బిల్లా?” కంప్యూటర్ల మీద జీఎస్టీ 18 శాతం. 40,000 రూపాయల సరుకుకు పన్ను 7,200, మొత్తం 47,200. కచ్చా చీటీతో తీసుకుంటే ఆ 7,200 మిగిలినట్లు కనిపిస్తుంది. కాని ఆరు నెలలకు యంత్రం మొరాయిస్తే, వారంటీ అడగటానికి చేతిలో ఆధారం ఉండదు. జీఎస్టీ కింద నమోదైన వ్యాపారి వ్యాపారం కోసం కొన్న యంత్రం మీద కట్టిన పన్నును తన పన్ను బాకీలో సర్దుకోగలడు కనుక, అతనికి ఆ మిగులు కూడా భ్రమే. “సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితంగా వేసి ఇస్తాం” అన్న మాట కూడా అటువంటిదే. దొంగ ప్రతులతో పాటు లోపలికి వచ్చే మాయదారి ప్రోగ్రాములు కార్యాలయపు లెక్కలనూ, బ్యాంకు రహస్యపదాలనూ ఎవరి చేతికి అందిస్తాయో చెప్పలేము.

తెలుగువారు ఇందుకోసం ఢిల్లీ దాకా ప్రయాణం కట్టనక్కరలేదు. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలోని రిచీ వీధి, బెంగుళూరులోని ఎస్.పి. రోడ్డు, ముంబాయిలోని లామింగ్టన్ రోడ్డు ఇదే కోవకు చెందిన అంగళ్లు. మరమ్మతుకు పట్టుకుపోగలిగిన దూరంలో ఉన్న దుకాణం, వెయ్యి రూపాయలు తగ్గించే దూరపు దుకాణం కంటే మేలు. తెలుగు ముద్రణాలయాలకు మరొక చిక్కు ఉన్నది. 2001లో చివరి రూపం వెలువడిన పేజ్‌మేకర్‌లోనే పాత తెలుగు అక్షరాలతో ఇప్పటికీ పనిచేసేవారున్నారు. అటువంటి పనికి ఖరీదైన ప్రాసెసరు వల్ల అదనపు లాభం లేదు. కొత్త యంత్రంలో ఆ ప్రోగ్రాము, ఆ అక్షరాలు, పాత ప్రింటరు నడుస్తాయా అన్నది డబ్బు చెల్లించక ముందే నడిపి చూసుకోవాలి. నడవకపోతే, మర్నాటి నుంచి పెళ్లి శుభలేఖల పని ఆగిపోతుంది, పనివాని కూలీ ఆగిపోతుంది.

నెహ్రూ ప్లేస్‌లో ఆరితేరిన కొనుగోలుదారులు పెట్టెను దుకాణంలోనే విప్పిస్తారు. ప్రాసెసరు పేరు, ర్యామ్, డిస్కు పరిమాణం తెరమీద చదువుతారు, భాగాల క్రమసంఖ్యలు బిల్లులో రాయిస్తారు, అరగంట సేపు యంత్రాన్ని నడిపించి చూస్తారు. వర్తకుడు విసుక్కున్నా లెక్కచేయరు. ఆ అరగంట ఓపిక మీద రాబోయే అయిదేళ్ల పని ఆధారపడి ఉంటుందని వారికి తెలుసు.