పుష్యమాసం కబుర్లు: వియన్నా నుంచి మర్లవాయి దాకా

పుష్యం వచ్చిందంటే మా కాగజ్‌నగర్‌లో పొద్దెక్కేదాకా దుప్పటి వదలబుద్ధి కాదు. సిర్పూర్ (యు), తిర్యాణి వైపు చలి ఒంటి అంకెలోకి దిగిందని పేపర్లో చదివి ఇంకో శాలువా కప్పుకుంటున్నాం. జిన్నింగు మిల్లుల ముందు పత్తి బండ్లు బారులు తీరాయి. అంగట్లో పచ్చి కందికాయలు కుప్పలుగా పోసి అమ్ముతున్నారు. ఉప్పేసి ఉడకబెట్టి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని ఒలుచుకు తినడం ఈ నెల భాగ్యం. సకినాల బియ్యం నానబోసే పని, నోముల సామాను కొనే పని రెండూ మొదలయ్యాయి. 2014లో మూతపడ్డ పేపరు మిల్లు 2018లో మళ్లీ తెరుచుకున్నప్పటి నుంచి పండగ బేరాలకు ప్రాణం వచ్చింది. ఊరికి ఇంకేం కావాలి!

ఈసారి కబుర్లలో సగం వియన్నావి. మా ఆడబిడ్డ కూతురు చదువుకోడానికి అక్కడికి వెళ్లి, ఓ పెద్దావిడ ఇంట్లో ఉంటోంది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, పిల్లలు వేరే ఊళ్లలో. ఆమెను మా పిల్ల ‘ఒమా’ అని పిలుస్తుంది, మనం అవ్వా అన్నట్టు. వెళ్లిన మొదటి రోజే గుమ్మం దగ్గర బూట్లు విప్పించి, ఇంట్లో తొడుక్కోమని ఉన్ని చెప్పులు చేతికిచ్చిందట. “గడప బయట చెప్పులు ఇడిసేది మనమే అనుకున్న అత్తమ్మా, ఈళ్లు కూడ అంతే” అని ఫోన్లో ఒకటే సంబరం. ఆ చెప్పులు ఇప్పటికీ తలుపు పక్కన మా పిల్ల పేరు మీదే ఉంటాయి.

క్రిస్మస్‌కు ముందు టౌన్‌హాలు ఎదుట పెట్టే సంత, దీపాల వీధులు అందరిలాగే తనూ చూసింది, ఫోటోలు పంపింది. బాగున్నాయి. నాకు నచ్చింది మాత్రం డిసెంబరు 24 సాయంత్రం సంగతి. ఆ రోజు ఒమా మనవలు వచ్చారు. ముందు గది తలుపు పొద్దుటి నుంచి మూసే ఉంది. పిల్లలు బయట వసారాలో గుసగుసలాడుతూ ఎదురుచూస్తున్నారు. చీకటి పడ్డాక లోపల్నించి చిన్న గంట గణగణమంది. తలుపు తీస్తే చెట్టు నిండా వెలుగుతున్న కొవ్వొత్తులు. ఆ చెట్టును తెచ్చింది బాల ఏసేనని అక్కడి పిల్లల నమ్మకం. మా పిల్లను కూడా వాళ్లతోపాటే బయట నిలబెట్టారట! “నన్ను సుట్టం లెక్క సూడలే అత్తమ్మా, ఇంటి పిల్ల లెక్క ఆగమన్నరు” అంది. ఆ మాటకు ఇక్కడ వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది.

డిసెంబరు 31 అర్ధరాత్రి సెయింట్ స్టీఫెన్స్ చర్చిలో పుమ్మెరిన్ అనే పెద్ద గంట మోగుతుంది. ఇరవై టన్నులకు పైనే బరువు. ఆ మోత రేడియోలో దేశమంతా వినిపిస్తుంది, వెంటనే ‘బ్లూ డాన్యూబ్’ వాల్ట్జ్ అందుకుంటుంది, జనం వీధుల్లోనే జంటలుగా నాట్యం చేస్తారు. 1683లో ఆ నగరాన్ని ముట్టడించి వెనుదిరిగిన తురుష్క సైన్యం వదిలేసిన ఫిరంగులు కరిగించి 1711లో మొదటి గంట పోతపోశారు. 1945లో చర్చి తగలబడ్డప్పుడు అది పడి పగిలింది. ఆ ముక్కలతోనే 1951లో కొత్త గంట పోసి, 1952 ఏప్రిల్‌లో ఊరేగింపుగా వియన్నాకు తెచ్చారు. ఇదంతా గైడు కూడా చెబుతాడు. అయితే ఆ ఊరేగింపు రోజున ఒమా వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని ఉంది. యుద్ధంలో పాడైన ఊళ్లో పెద్దవాళ్లు ఒక గంటను చూసి ఎందుకు ఏడుస్తున్నారో ఆ వయసులో ఆమెకు అర్థం కాలేదట. వంటింట్లో బంగాళదుంపలు ఒలుస్తూ ఈ మాట చెప్పింది. అర్ధరాత్రి గంట మోగినప్పుడు మా పిల్లకు ఆ మోతలో 1945 కూడా వినిపించింది.

జనవరి 6కు అటూ ఇటూ, ముగ్గురు రాజుల వేషం కట్టిన పిల్లలు నక్షత్రం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. పాట పాడి, పేద దేశాల పిల్లల కోసం చందాలు పోగుచేసి, తలుపు పైన సుద్దముక్కతో ఆ సంవత్సరం అంకె, మధ్యలో సి, ఎం, బి అక్షరాలు రాసి పోతారు. ఇంటికి దీవెన. అవే రోజుల్లో మన గుమ్మాల్లోకి హరిదాసూ గంగిరెద్దూ రావడం తలుచుకుని, ఆ పిల్లలకు చిల్లరతోపాటు మన నువ్వుల లడ్డూలు కూడా పెట్టిందట మా పిల్ల. సంక్రాంతి పార్సిల్ ముందే పంపడం మంచిదైంది.

ఒమా ఆమెను ట్రామ్ ఎక్కించి రింగ్ రోడ్డు చుట్టూ తిప్పింది. నగరం చుట్టూ ఉన్న పాత కోటగోడను కూల్చమని 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఉత్తర్వు ఇస్తే, ఆ జాగాలోనే ఈ వెడల్పాటి రోడ్డు వేసి 1865లో తెరిచారు. దాని మీదే ఆపెరా, పార్లమెంటు, యూనివర్సిటీ, మ్యూజియాలు. రోడ్డు పక్కనే హోఫ్‌బుర్గ్ రాజభవనంలో ప్రపంచ జాతుల మ్యూజియం ఉంది. అక్కడ భద్రపరిచిన నాగాల వస్తువులు ఎక్కువగా ఎవరు సేకరించారో తెలుసా? క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. ఆ పేరు వినగానే మా పిల్ల నాకు ఫోన్ చేసింది. ఆదిలాబాద్ గడ్డ మీద పుట్టినవాళ్లెవరైనా చేస్తారు.

మానవ శాస్త్రవేత్త అయిన హైమండార్ఫ్ 1909లో వియన్నాలోనే పుట్టాడు. నాగా కొండల్లో పని చేసి, 1939లో భార్య ఎలిజబెత్‌తో మళ్లీ ఇండియా వచ్చాడు. అంతలో యుద్ధం మొదలైంది. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కాబట్టి బ్రిటిష్‌వాళ్లు ఆయన్ను హైదరాబాద్ సంస్థానం దాటవద్దన్నారు. ఆ నిర్బంధం మన అడవులకు వరమైంది. నల్లమల చెంచులు, గోదావరి కొండరెడ్ల దగ్గర ఉండి ఆ తర్వాత ఆదిలాబాద్ వచ్చాడు. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కొమురం భీమ్ నేలకొరిగాడు. గోండుల కడుపుమంటకు కారణమేమిటో తెలుసుకోవాలని అప్పుడు నిజాం ప్రభుత్వానికి తోచింది. ఆ పని మీద వచ్చిన హైమండార్ఫ్ సర్కారు బంగళాలో దిగి కబురు పెట్టి జనాన్ని పిలిపించుకోలేదు. మర్లవాయి వెళ్లి, ఊళ్లో ఇల్లు వేసుకుని, గోండి నేర్చుకుని, వాళ్లతోపాటు పండగలు చేశాడు. భార్య ఆయన పక్కనే ఉంది. పట్టాలు లేక భూములు ఎలా పోతున్నాయో, అటవీ సిబ్బంది వేధింపులు ఎలా ఉన్నాయో ఆ ఇంట్లో ఉండబట్టే తెలిశాయి. 1943లో మర్లవాయిలోనే గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టించాడు, గోండిలో వాచకాలు రాయించాడు. కేస్లాపూర్ జాతరలో అధికారులు ప్రజల గోడు వినే దర్బారు ఆయన మొదలుపెట్టించిందే.

తర్వాత లండన్‌లో ప్రొఫెసర్ అయ్యాడు, లోకమంతా తిరిగాడు. అయినా మర్లవాయి రాకపోకలు మానలేదు. 1979లో భార్యాభర్తలిద్దరూ గోండుల మీద కలిసి పుస్తకం తెచ్చారు. ఎలిజబెత్ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే కోరుకున్న చోట, మర్లవాయిలో, సమాధి చేశారు. 1995లో ఆయన పోయాక చితాభస్మం కూడా ఆమె పక్కకే చేరింది. ఏటా జనవరి 11న అక్కడ వర్ధంతి చేస్తారు. మా కాగజ్‌నగర్ నుంచి వెళ్లాలంటే ఆసిఫాబాద్, కెరమెరి ఘాటు మీదుగా జైనూర్ దారి. గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుదీ ఆ ఊరే. ఆయన 2024లో వెళ్లిపోయాడు గాని, ఆయన నేర్పిన అడుగులు ఊళ్లో ఉన్నాయి. చేసినంత చేసి, చివరికి ఆతిథ్యమిచ్చిన ఊరి మట్టిలోనే కలిసిపోవడం కంటే ఓ అతిథి ఇంకేం ఇవ్వగలడు?

ఇక మన పక్క పాత నగరం ముచ్చట. మాకు చరిత్ర ఉన్న ఊరు చూడాలంటే బండి ఎక్కితే చాలు. సిర్పూర్, బల్లార్షా, చాందా (చంద్రపూర్): గోండు రాజుల రాజధానులుగా చెప్పుకునే మూడూ ఒకే దారిలో ఉన్నాయి. మాకుడి దాటితే మహారాష్ట్ర. విరూర్, మాణిక్‌గఢ్ పోయాక వార్ధా నది, ఒడ్డున బల్లార్షా కోట. అక్కడా పేపరు మిల్లే. రాజురా 1956 దాకా మన ఆదిలాబాద్ జిల్లాదే కాబట్టి పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు ఇప్పటికీ సాగుతున్నాయి. పోయిన చలికాలం చాందాలో జట్‌పురా దర్వాజా దగ్గర మా వియ్యాలవారింట్లో కొన్నాళ్లున్నాం. వంటింట్లో తెలుగు, వీధి గుమ్మంలో మరాఠీ. పొద్దున జొన్నరొట్టె మీద వేసిన మిర్చి ఠేచా, సాయంత్రం హల్దీ కుంకుమ పేరంటాలు.

ఆ ఇంటి పెద్దాయన ఓ ఆదివారం మమ్మల్ని కోటగోడ ఎక్కించాడు. వియన్నా తన గోడను కూల్చుకుంది; చాందా గోడ ఇంకా పాత ఊరిని చుట్టుకునే ఉంది. నాలుగు దర్వాజాలు, అయిదు కిడికీలు (చిన్న ద్వారాలు). ఏనుగును అణగదొక్కుతున్న సింహం బొమ్మ దర్వాజా మీద చెక్కి ఉంది, అది గోండు రాజుల గుర్తు. కింద నుంచి ఆటోలు, స్కూటర్లు పోతూనే ఉంటాయి. ఏళ్లుగా పొదలు మొలిచి పాడుపడ్డ ఆ గోడను ‘ఇకో ప్రో’ అనే సంస్థ కుర్రాళ్లు 2017 నుంచి నెలల తరబడి చేతులతో శుభ్రం చేశారు. ఇప్పుడు దాని మీద నడవగలుగుతున్నామంటే వాళ్ల చలవే. వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి.

ఆ గోడ పుట్టుకకో కథ ఉంది. ఒళ్లంతా గడ్డలతో బాధపడుతున్న గోండు రాజు ఖాండ్క్యా బల్లాల్ షా వేటకొచ్చి, ఝర్‌పట్ ఏటిలో ఓ గుంటలో నీళ్లతో మొహం కడుక్కుంటే బాధ తీరిందట. అక్కడే అచలేశ్వర్ గుడి. తిరిగొస్తుంటే కుందేలు కుక్కను తరమడం కనిపించింది. అవి పరుగెత్తిన దారి వెంటే గోడ కట్టమని రాణి చెప్పిందట. కుందేలు వంకర తిరిగిన చోటల్లా ఆ పెద్దాయన ఆగి, గోడ మలుపు చేత్తో చూపించాడు. ఆ గుడి దగ్గరే రాణీ హీరాయి తన భర్త బీర్‌షాకు కట్టించిన సమాధి ఉంది. ఊరి చివర లాల్‌పేటలో పది తలల దుర్గ, ఇంకా పెద్దపెద్ద రాతి విగ్రహాలు ఆరుబయట పడి ఉన్నాయి. రాయప్ప కోమటి అనే షావుకారు గుడి కట్టాలని చెక్కించి, కట్టకముందే పోయాడని చెబుతారు. “మనోడే” అన్నాడు పెద్దాయన, నిన్న మొన్న పోయిన చుట్టం గురించి చెప్పినట్టు. లాడ్జిలో దిగి ఉంటే మాకు రాళ్లు కనపడేవి, రాయప్ప కనపడేవాడు కాదు.

ఇక జాతరల సంగతి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర. గోండుల్లో మెస్రం వంశంవాళ్లు కాలినడకన హస్తినమడుగు వెళ్లి గోదావరి నీళ్లు తెచ్చి, అమావాస్య అర్ధరాత్రి మహాపూజ చేస్తారు. ఆ తర్వాత జరిగే భేటింగ్ చూసి తీరాలి. ఆ ఏడు వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లు తెల్లచీరలు కట్టి, మొహాన ముసుగు వేసుకుని, పెద్దాడపడుచుల వెంట నాగోబా ముందుకు వస్తారు. వాళ్లను దేవుడికి పరిచయం చేసి, పెద్దల దీవెనలు ఇప్పిస్తారు. ఆ పూట నుంచి వాళ్లు వంశం మనుషులు. పరాయి గడప తొక్కిన ఆడపిల్లను దేవుడికి చూపించి మరీ మనదనుకునే సంప్రదాయం మన జిల్లాల్లో ఉన్నందుకు నాకు చెప్పలేనంత గర్వం.

వసంత పంచమికి నజ్రుల్‌నగర్ వైపు బెంగాలీ క్యాంపుల్లో సరస్వతీ పూజలు. సరిహద్దు అవతల నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలు ఇప్పుడు మా అంగట్లో పక్కా తెలుగులో బేరమాడుతున్నాయి. ప్రసాదానికి పిలుస్తారు, వెళ్లండి. మాఘ పౌర్ణమికి రెబ్బెన దగ్గర గంగాపూర్ బాలాజీ జాతర. చైత్రంలో చాందా మహాకాళి జాతర, మన వైపు జనం వేలల్లో వెళతారు. అప్పటికి అక్కడి ఎండ నిప్పులు చెరుగుతుంది. ముందురోజు సాయంత్రమే వెళ్లి, తెలిసినవాళ్ల ఇంట్లో పడుకుని, తెల్లారకముందే గోడ మీద నడిచి, తర్వాత దర్శనానికి పోవడం మేలు. తెలిసినవాళ్లు లేరంటారా? మీ వాడకట్టులో అడిగి చూడండి, చాందాలో చుట్టరికం లేని ఇల్లు కాగజ్‌నగర్‌లో తక్కువ.

విదేశాల్లో ఎవరింట్లోనో ఉంటున్న పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. మ్యూజియం టికెట్ల లెక్క అడగకండి, ఆ ఇంటి పెద్దవాళ్లు ఏం చెప్పారో అడగండి, రాసిపెట్టుకోమనండి. మా పిల్ల ఓ నోటుబుక్కు పెట్టుకుంది. వచ్చే పుష్యానికి ఒమాను వెంటబెట్టుకొస్తానంటోంది. హోటల్ చూడమంది, వద్దన్నాను. మా ఇంట్లోనే ఉంటుంది. జనవరి 11కు మర్లవాయి, అమావాస్యకు కేస్లాపూర్, మధ్యలో చాందా. వాళ్ల ఊరివాడిని మన ఊరు ఎంత బాగా చూసుకుందో ఆమెకు చూపించాలి. చలి ఎక్కువని భయపడుతోందట, వియన్నా మనిషికి మన చలి ఓ లెక్కా! కందికాయలు ఉడకబెడతాను, రమ్మన్నానని చెప్పమన్నాను.