చిరిగిపోయినవే బాగా చదివినవి

ఎవరూ చదవని పుస్తకానికి ఆయుష్షు ఎక్కువ. ఏ పాత లైబ్రరీలోనైనా బీరువా తెరిచి చూడండి. పెద్దల ఉపన్యాస సంపుటాలు అట్ట నలగకుండా నిగనిగలాడుతుంటాయి. ఆడవాళ్ళు రాసిన నవలలకు మాత్రం మొదటి పేజీలు ఉండవు, చివరివి అసలే ఉండవు. కథానాయిక పెళ్ళికి ఒప్పుకుందో లేదో తెలియాలంటే ఇంకో ఊరి లైబ్రరీకి వెళ్ళాలి.

తెనాలి, రేపల్లె, బాపట్లల్లో అద్దె లైబ్రరీలు నడిచిన రోజుల్లో ఒకరు అద్దెకు తెచ్చిన నవలను నాలుగిళ్ళవాళ్ళు చదివేవారు. రేపల్లెలో మా పెద్దమ్మ వీక్లీల్లోంచి సీరియల్ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసేది. పండితులు వాటిని వంటింటి సాహిత్యమని ఈసడించారు. వంటింట్లోనే, నూనె చేతుల మధ్య అవి అరిగిపోయాయి. మిగిలినవి ఇల్లు మారినప్పుడు పాత పేపర్లవాడి తక్కెడలోకి పోయాయి.

అందుకే వాటిలో ఏదైనా మళ్ళీ అచ్చయి వస్తే, తప్పిపోయిన మనిషి ఇంటికొచ్చినట్టుంటుంది. డాక్టర్ పి. శ్రీదేవి 1961లో, ముప్పై దాటిన కొద్దికాలానికే కన్నుమూశారు. అంతకు కొన్నేళ్ళ ముందు 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చిన 'కాలాతీత వ్యక్తులు' ఇప్పటికీ మళ్ళీ మళ్ళీ అచ్చవుతోంది. అందులో ఇందిర మంచిదా చెడ్డదా అని పాఠకులు ఇంకా తేల్చుకోలేదు. గుంటూరు–బాపట్ల రోడ్డు మీది చేబ్రోలులో పుట్టిన వాసిరెడ్డి సీతాదేవి 'మట్టిమనిషి' ఇతర భారతీయ భాషల్లోకీ వెళ్ళింది. అందులోని సాంబయ్యలాంటి రైతు మా వైపు ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు.

కనుపర్తి వరలక్ష్మమ్మ గారికి ఈ అదృష్టం అంతగా దక్కలేదు. 1896లో బాపట్లలో పుట్టారు. అక్కడే స్త్రీ హితైషిణి మండలి స్థాపించారు. 'గృహలక్ష్మి' పత్రికలో శారద అనే ఆవిడ, స్నేహితురాలు కల్పలతకు రాస్తున్నట్టుగా లేఖలు రాశారు. బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం దగ్గర్నుంచి ఇంటి సంగతుల దాకా అన్నీ ఆ ఉత్తరాల్లోకి వచ్చాయి. గృహలక్ష్మి స్వర్ణకంకణం 1934లో మొట్టమొదట ఆవిడకే దక్కింది. ఆవిడ నవల 'వసుమతి' కోసం తెనాలి, రేపల్లె, బాపట్ల పుస్తకాల షాపుల్లో అడిగాను. "మీరు చెప్పేది సినిమా పేరేమోనండీ" అన్నారొకరు.

తెనాలికీ ఒక శారద ఉన్నాడు. అసలు పేరు నటరాజన్. తమిళదేశం నుంచి వచ్చి, హోటల్లో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, నవలలు రాసి, 1955లో చిన్న వయసులోనే పోయాడు. అతని స్నేహితుడు ఆలూరి భుజంగరావు 'సాహిత్య బాటసారి శారద' రాశారు. అభిమానులు రచనలు వెతికి పోగుచేసి మళ్ళీ అచ్చు వేయించారు. రాసినవాళ్ళు పోయాక వాళ్ళ కోసం కాళ్ళరిగేలా తిరిగే మనిషి ఒకరు కావాలి. ఊళ్ళో ఆడవాళ్ళందరి కోసం తిరిగిన వరలక్ష్మమ్మ గారి పుస్తకాల కోసం తిరిగేవాళ్ళు తక్కువయ్యారు.

అచ్చుకు డబ్బు కంటే ముందు మూలప్రతి కావాలి. అందుకు బాపట్ల దాటి కొంచెం ముందుకెళితే వేటపాలెం. అక్కడి సారస్వత నికేతనం 1918 నుంచి పాత పత్రికల్ని కాపాడుకుంటూ వస్తోంది. అటువంటి చోట కూర్చుని, పేజీ పేజీ సరిచూసి, ఏ పత్రికలో ఏ సంవత్సరం వచ్చిందో రాసి మరీ వేయాలి. 'ఆణిముత్యం' అంటూ పొగిడే ముందుమాట లేకపోయినా నష్టం లేదు.

ఇంకొక మాట. లండన్‌లో విరాగో ప్రెస్ 1978 నుంచి మరుగునపడ్డ రచయిత్రుల నవలల్ని ఆకుపచ్చ వీపులతో ఒక వరసగా తెచ్చింది. ఆ వరసలోనే ఉంది కిటుకు. ఒంటరిగా వచ్చిన పుస్తకాన్ని జాలిపడి కొంటాం. పక్కపక్కన నిలబెడితే అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. వరలక్ష్మమ్మ గారి శారదకు 'కాలాతీత వ్యక్తులు' ఇందిర నడత నచ్చదు. ఇందిరకు శారద ఉత్తరాలు చాదస్తంగా తోస్తాయి. పట్నం మోజులో ఆస్తీ కాపురమూ పోగొట్టుకున్న 'మట్టిమనిషి' వరూధిని ఇద్దరికీ ఎదురు సమాధానం చెబుతుంది. ఆ తగువులో ఎవరిది పైచేయో మనకు తెలియాలంటే ముగ్గురినీ ఒకే అరలోకి తేవాలి.