ముగ్గు పెట్టు చేయి

ఫోటో తీయించుకొనునపుడు ఊపిరి బిగబట్టి కదలక నిలువవలెనని మా చిన్ననాట పెద్దలు చెప్పెడివారు. కదలుచున్న దానినే పట్టవలెనను కోరిక మాకు కలిగినది మా అత్తగారి మూలమున.

ధనుర్మాసమున తెల్లవారక మున్నే ఆమె వాకిట కళ్లాపి చల్లి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనుండి పిండిని సన్నని ధారగా జారవిడుచుచు, గీత తెగకుండ మెలికల ముగ్గు పెట్టెడివారు. 2023వ సంవత్సరము డిసెంబరులో ఒకనాడు మోకాళ్లు పట్టుకొని లేచుచు, "వచ్చే యేడు నేను వంగలేనే అమ్మాయీ" అనిరి. ఆ మధ్యాహ్నమే బీరువాలోని కెమేరా వెలికి తీసితిమి.

మరునాటి యుదయమున తీసిన బొమ్మలో ముగ్గు వచ్చెను, ముఖము వచ్చెను, చేయి మాత్రము పొగవలె అలికిపోయెను. వెలుతురు చాలనందున కెమేరా తనంతట తానే సెకండులో 30వ వంతు కాలము తెర తెరచి యుంచినది. అంతలో చేయి ఎంత దూరము పోవునో అంతమేరయు బొమ్మలో పూసికొనును. సరే యని 500వ వంతు పెట్టితిమి. బొమ్మ యంతయు చీకటి! 30 నుండి 60, 125, 250, 500 వరకు ఒక్కొక్క మెట్టునకు వెలుతురు సగమగును. నాలుగు మెట్లకు పదునారవ వంతే మిగులును. చీటీల వడ్డీ నోటిలెక్కగా కట్టు మాకు ఇది ముందే తోచకపోవుట సిగ్గుచేటు.

మూడవనాడు ఫ్లాషు వెలిగించితిమి. అత్తగారు ఉలికిపడిరి, గీత తెగెను. "ముగ్గు పెట్టనిస్తావా, లేదా?" అని కసిరిరి. అది మొదలు ఫ్లాషు ముట్టలేదు.

అటుపై పగటివేళ పెరటిలో సాధన చేసితిమి. కొళాయి ధార 1000వ వంతున తెగిన పూసలదండవలె చెదరి కనబడెను. 8వ వంతున ఆరవేసిన మల్లుగుడ్డవలె జారెను. మా చిన్నవాడు సైకిలు త్రొక్కుచుండగా, 30వ వంతున నుంచి, వానితోబాటు కెమేరాను త్రిప్పుచు నొక్కితిమి. పిల్లవాడు స్పష్టముగను, వెనుక గోడ చారలుగను రావలెను. నలువదింట మూడే కుదిరినవి; వాడు విసిగి సైకిలు పారవేసి పోయెను. 1878లో అమెరికాలో మైబ్రిడ్జి యనునాతడు వరుసగా కెమేరాలు నిలిపి, పరుగెత్తు గుఱ్ఱము ఒక్క క్షణము నాలుగు కాళ్లును నేల విడుచునని చూపెను. ఆయన గుఱ్ఱమునకు మా చిన్నవానికన్న ఓపిక హెచ్చు కాబోలు.

సంక్రాంతినాడు కెమేరాను పీటపై నుంచి, 15వ వంతున ఒకటి తీసితిమి. సోదరీమణులు గమనింపవలెను: వ్రేలు నొక్కిన యదురు కూడ బొమ్మను చెరచును గనుక, రెండు సెకండ్ల ఆలస్యము పెట్టి చేయి తీసివేసితిమి. ముగ్గు ముగియునంతలో ఎండ వచ్చెను. 500వ వంతున మరియొకటి దక్కెను. ఇందులో పిండి రేణువులు గాలిలో నిలిచిపోయినవి, వ్రేళ్ల ముడుతలు లెక్కింపవచ్చును. మొదటిదానిలో ముఖము నిలుకడగా నుండి, చేయి మెత్తగా సాగి, పిండి తెల్లని దారమువలె నున్నది. మాకు ఇదియే నచ్చినది. అత్తగారు కళ్లజోడు సవరించుకొని రెంటిని చాలసేపు చూచి, "ఈ మూల చుక్క తప్పింది. అప్పుడే చెప్పకపోయావా?" అనిరి.

2024 డిసెంబరులో ఆమె గడపకడ కుర్చీ వేసికొని కూర్చుండిరి. పిండిగిన్నె మా చేతికి వచ్చినది. ఆ దారపు బొమ్మ ఆమె ఒడిలో నున్నది. మేము తడబడినపుడెల్ల దానిని చూపి, "చేయి ఆపకే, ఆపితే గీత లావవుతుంది" అని చెప్పుచుండిరి.