చవకైన పట్టా

మా పెడనలో కలంకారీ అద్దకం బల్ల దగ్గర పనిచేస్తున్న నా పూర్వ శిష్యురాలు అడిగినది: "ఇంటరైంది మాస్టారూ, తక్కువలో డిగ్రీ చదివే దారుందాండీ?"

మిత్రులారా, పేదవారికి కళాశాల రుసుము కన్న పెద్ద ఖర్చు పోయిన కూలి. బడికి పోయిన దినమున పొయ్యికి లోటు. ఆ లోటు లేకుండ చదువనిచ్చేది సార్వత్రిక విద్య. దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే వెలసినది. 1991లో అంబేద్కరు పేరు దాల్చినది. ఢిల్లీలో ఇందిరాగాంధీ పేరిటిది 1985లో వచ్చినది. ఆమెకు ఈ రెండవదే చెప్పినాను.

"అయితే అచ్చు దించక్కర్లేదన్నమాట!" అన్నది.

అక్కరలేదు తల్లీ. కాని పగలు అద్దకము, రాత్రి పాఠము. గురువు ఎదుట లేని చదువుకు పట్టుదలే రుసుము. అది వాయిదాలలో కాదు, ప్రతి రాత్రీ చెల్లించవలసినదే.