ఇసుక తొట్టిలో లంక

వారానికోసారి వచ్చే ఆ ఐదేళ్ళ పిల్లాడు ఆ రోజు ఇసుక జోలికి పోలేదు. అలమరలోంచి అన్నిటికన్నా పెద్ద బొమ్మను తీసి నెత్తిన పెట్టుకున్నాడు. గదంతా తిరిగి నీళ్ళ తొట్టి దగ్గర ఆగాడు. బొమ్మను ముంచాడు, లేపాడు. మళ్ళీ ముంచాడు, లేపాడు. మూడోసారి అడుగుదాకా నొక్కి వదిలేశాడు. తడిచేతులు చొక్కాకి తుడుచుకుంటూ తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఊరు డాలస్ శివారు, నెల సెప్టెంబరు. ఆ వారం వీడియో చూసిన తోటి థెరపిస్టు కాగితం మీద ఒక ముక్క రాశారు: పెద్దమనిషి బొమ్మను ముంచేస్తున్నాడు, ఇంట్లో ఏం జరుగుతోందో కనుక్కోవాలి. రాసిన మనిషికి ఇరవయ్యేళ్ళ అనుభవం ఉంది, పిల్లలంటే ప్రాణం. ఆ మాట తప్పు పట్టడానికి లేదు.

గదిలో పిల్లాడితో ఉన్న థెరపిస్టు పాలకొల్లులో పుట్టి పెరిగింది. ఆమెకి మాత్రం అక్కడ కాలువ రేవు కనిపించింది. నడుముల్లోతు నీళ్ళలో నిలబడి వినాయకుణ్ణి మూడు మునకలు వేయించి వదిలే మావయ్యలు కనిపించారు. పిల్లాడి తల్లిని అడిగితే, ముందు ఆదివారమే పెరట్లో బకెట్టు పెట్టి మట్టి వినాయకుణ్ణి నిమజ్జనం చేశామని చెప్పింది. అక్కడితో ఫైలు మూసేస్తే సరిపోయేది. కానీ తల్లి ఇంకో మాట కూడా చెప్పింది. ఆరు నెలల గడువు అయిపోయి, అదే వారం నానమ్మ ఇండియా వెళ్ళిపోయింది. పిల్లాడు తలుపు వైపు ఎందుకు చూశాడో ఆమెకి అప్పుడు అర్థమైంది.

సంస్కృతి తెలిసి ఉండటం వల్ల మొదటి తలుపు తెరుచుకుంది, అంతే. లోపల ఉన్న దిగులు పిల్లాడి సొంతం. అది ఏ పండగ పుస్తకంలోనూ దొరకదు.

ప్లే థెరపీ అంటే ఆటతో పిల్లల మనసు నయం చేసే పద్ధతి. నోటితో చెప్పలేనిది పిల్లలు ఆటతో చెబుతారన్నది దాని పునాది. 1947లో వర్జీనియా ఆక్స్‌లైన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఈ పేరుతోనే పుస్తకం రాసి ఎనిమిది సూత్రాలు పెట్టింది. దారి పిల్లవాడు చూపిస్తాడు, పెద్దవాళ్ళు వెనక నడవాలి, తొందరపెట్టకూడదు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. డాలస్‌కి ఉత్తరాన డెంటన్‌లో నార్త్ టెక్సస్ విశ్వవిద్యాలయం ఉంది. గ్యారీ లాండ్రెత్ స్థాపించిన ప్లే థెరపీ కేంద్రం అక్కడిదే. ఈ విద్యలో ప్రపంచమంతా తలచుకునే చోటు అది. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో వేలాది తెలుగు కుటుంబాలు దానికి కాస్త దూరంలోనే కాపురం ఉంటున్నాయి. అయినా పిల్లాడు స్కూల్లో మాట్లాడటం మానేశాడంటే దిష్టి తీసి ఊరుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. దిష్టి తీయడం తప్పు కాదు. అక్కడే ఆగిపోతారన్నదే ఆమె బాధ.

తను ఈ పని నేర్చుకుంటున్నానని మొదట ఫోన్‌లో చెప్పినప్పుడు పాలకొల్లులోని అమ్మ అడిగింది: "ఏమ్మా, ఇసకలో ఆడుకోడానికి కూడా డబ్బులు పుచ్చుకుంటారా?"

ఆ ప్రశ్న ఆమె మనసులో చాలాకాలం ఉండిపోయింది. ఇసుకకి ప్లే థెరపీలో పెద్ద చరిత్రే ఉంది. 1928లో లండన్‌లో పిల్లల క్లినిక్ తెరిచిన మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ ఒక తొట్టిలో ఇసుక పోసి, పక్కన చిన్న చిన్న బొమ్మలు పెట్టి, పిల్లలు తమ ప్రపంచాన్ని కట్టుకునేలా చేసింది. హెచ్.జి. వెల్స్ తన కొడుకులతో నేలమీద ఆడిన ఆటల గురించి 1911లో రాసిన పుస్తకం లోవెన్‌ఫెల్డ్‌కి ప్రేరణ. తర్వాత స్విట్జర్లాండ్‌లో డోరా కాల్ఫ్ దాన్నే ఇంకో దారిలో పెంచింది. తొట్టి అడుగున నీలం రంగు వేస్తారు. ఇసుక పక్కకి తోస్తే నీళ్ళు కనిపిస్తాయి.

శిక్షణలో ఎవరి తొట్టి వాళ్ళు కట్టుకోవాలి. ఆమె ఏమీ ఆలోచించకుండా రెండు చేతులతో అటూ ఇటూ ఇసుక తోసేసింది. మధ్యలో పొడుగ్గా ఒక దిబ్బ మిగిలింది. ఒక కొసన నాలుగు ఈనెపుల్లలు గుచ్చి, దూరంగా అవతలి ఒడ్డున ఒక ఎత్తైన రాయి నిలబెట్టింది. పూర్తయ్యాక చూసుకుంటే అది లంక. చించినాడ దగ్గర వశిష్ఠ గోదావరి మధ్య కనిపించే లంక. ఆ రాయి క్షీరారామలింగేశ్వరుడి గాలిగోపురం. పక్కవాళ్ళు దాన్ని ఒంటరి దీవి అనుకున్నారు. ఆమెకది మేనత్త ఊరు.

అప్పుడే 1986 గుర్తొచ్చింది. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. కింద డెల్టాలో గట్లు తెగాయి. లంకల్లోంచి జనం పిల్లాపాపలతో, గొడ్డూగోదాతో బయటికొచ్చారు. ఆమెకప్పుడు ఏడేళ్ళు. మేనత్త పిల్లలు వచ్చి ఆమె ఇంట్లోనే ఉన్నారు. నీళ్ళు తీశాక కూడా ఆ పిల్లలు రోజంతా ఒకే ఆట ఆడేవారు. బురదతో గట్టు కట్టడం, చెంబుడు నీళ్ళు పోయడం, "గట్టు తెగిందోయ్" అని అరుస్తూ ఇళ్ళు వదిలి పరిగెత్తడం. మళ్ళీ గట్టు కట్టడం. పెద్దవాళ్ళు అపశకునమని కసిరేవారు. నానమ్మ మాత్రం, ఆడుకోనీయండర్రా అని బురద కోసం ఇంకో చెంబు నీళ్ళు ఇచ్చేది.

అలాంటి ఆట గురించి ఆమె తర్వాత శిక్షణలో చదివింది. 1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో స్కూలు బస్సుని అటకాయించి 26 మంది పిల్లల్ని ఎత్తుకెళ్ళి, భూమిలో పాతిన ట్రైలర్‌లో బంధించారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. తర్వాత వాళ్ళని ఏళ్ళ తరబడి పరిశీలించిన లెనోర్ టెర్ అనే సైకియాట్రిస్టు, భయపెట్టిన సంఘటనే ఆటలో తిరిగి తిరిగి రావడం గమనించింది. కొందరు ఆ ఆటలో ఇరుక్కుపోతారు, కొందరు ఆడి ఆడి బయటపడతారు. ఆ పాఠం చదివిన రాత్రి ఆమె పాలకొల్లుకి ఫోన్ చేసి, నానమ్మ చెంబు సంగతి అమ్మకి గుర్తుచేసింది.

ఇక అలమర సంగతి. బొమ్మలే మాటలైనప్పుడు, అలమరలో లేని బొమ్మ పిల్లాడి నోట్లో లేని మాటతో సమానం. నలుపు, తెలుపు బొమ్మలతో కెన్నెత్, మామీ క్లార్క్ దంపతులు చేసిన పరీక్షలు, నల్లపిల్లలు తమ రంగుని తామే ఎలా తక్కువ చేసుకుంటున్నారో చూపించాయి. స్కూళ్ళలో జాతి వేర్పాటు చెల్లదన్న 1954 సుప్రీంకోర్టు తీర్పులో ఆ పరిశోధన ప్రస్తావన ఉంది. ప్లే థెరపీలో సంస్కృతి గురించే ఎలియానా గిల్, అథీనా డ్రూస్ 2005లో ఒక పుస్తకం తెచ్చారు. ఇంత జరిగినా ఆమె అడుగుపెట్టిన మొదటి గదిలో వంటసామానంటే ఓవెను, పిజ్జా ముక్క. కుటుంబమంటే అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. తాతయ్యలూ నానమ్మలూ ఉండటానికి ఆ బొమ్మరింట్లో గదే లేదు.

చూపు కూడా మారాలి. ఐదేళ్ళ పిల్లకి అమ్మమ్మ ముద్దలు కలిపి నోట్లో పెడితే, ఆ పిల్ల ఎదగలేదని రాసే ఫారాలు ఉన్నాయి. పెద్దవాళ్ళ కళ్ళలోకి చూడకపోతే, పలకరిస్తే పలకడం లేదని టిక్కు పెడతారు. పెద్దలు మాట్లాడుతుంటే కళ్ళు దించుకోవాలని ఇంట్లో నేర్పిన పిల్ల అది.

కిందటి వేసవిలో పాలకొల్లు వెళ్ళినప్పుడు గుడివీధిలో లక్కపిడతలు, గవ్వలు కొంది. అంకుడు కర్రతో చేసి, సహజ రంగులద్దిన ఏటికొప్పాక బండి ఒకటి సంపాదించింది. మట్టి తేవడానికి అమెరికా కస్టమ్స్ ఒప్పుకోదు. చింతపిక్కల కోసం డాలస్‌లోనే ఇండియన్ స్టోర్‌లో గింజ ఉన్న చింతపండు కొని, కడిగి, ఆరబెట్టింది. అన్నీ బుట్టలో సర్ది ఎదురుచూసింది.

పిల్లలు వాటిని ముట్టుకోలేదు. రెండు నెలలు చింతపిక్కలు అలాగే ఉన్నాయి. టెక్సస్‌లో పుట్టిన పిల్లలకి అవి అమ్మ చిన్నతనం, వాళ్ళ చిన్నతనం కాదు. ఆ సంగతి అర్థమవడానికి ఆమెకి కొంత సమయం పట్టింది, కొంత బాధ కూడా కలిగింది. వాళ్ళు జేబుల్లో వేసుకొచ్చేవి వేరు: పార్కింగు స్థలంలో రాలిన ఓక్ కాయలు, పెకాన్ పెంకులు, సికాడాలు చెట్టుబెరడు మీద వదిలేసిన పొట్టు. అప్పట్నించి ఆ గదిలో ఒక ఖాళీ పళ్ళెం పెట్టింది. వాళ్ళకి దొరికినవి వాళ్ళే అందులో పోస్తారు. తల్లిదండ్రులు ఒప్పుకుంటే కొన్ని సెషన్లు పెరట్లోనే. చెట్టు చుట్టూ తాడు కట్టి, ఇంతవరకే మన గది అని ముందే చెబుతుంది. గదిలో నోరు విప్పని ఓ పాప చీమలబారు పక్కన బోర్లా పడుకుని అరగంట సేపు గుసగుసగా వాటితో కబుర్లు చెప్పింది. తెలుగులో.

ఒకరోజు ఇద్దరు అన్నదమ్ములు ఓక్ కాయలు ఎగరేసి పట్టుకుంటుంటే, చూడబోతే అది అచ్చనగాయలాట. ఎవరూ నేర్పలేదు. ఆమె ఆట పేరు చెప్పబోయి ఊరుకుంది.

వినాయకుణ్ణి ముంచిన పిల్లాడు శీతాకాలమంతా వచ్చాడు. ఫిబ్రవరిలో ఒకనాడు ఇసుక తోసి, నీలం గీత ఒకటి ఈ కొస నుంచి ఆ కొసకి తీశాడు.

"ఇది ఏ రివర్, ఆంటీ?"

"నీ ఇష్టం నాన్నా. పేరు నువ్వే పెట్టు."

కాసేపు ఆలోచించి ట్రినిటీ అన్నాడు. వాళ్ళ ఊరి ఏరు అదే. ఒడ్డు పొడుగునా ఓక్ కాయలు పేర్చాడు. ఏటికొప్పాక బండిని మొదటిసారి బుట్టలోంచి తీశాడు. సెప్టెంబరులో ముంచిన పెద్ద బొమ్మను దానిమీద కూర్చోబెట్టి, ఇసుక అంటిన వేళ్ళతో ఇవతలి ఒడ్డుకి మెల్లగా లాక్కొచ్చాడు.