నా పేరు మీదున్న చెత్త

మా యాప్ ఎప్పుడు పడిపోయినా రాత్రి రెండు, మూడు గంటలకే పడిపోయేది.

గాజువాక వైపు ఒక కంటైనర్ యార్డు. గేటులోకి ఏ లారీ వచ్చింది, ఏది బయటికి వెళ్లింది, ఆ లెక్క చూసే యాప్ మాది. రుషికొండ మీద చిన్న ఆఫీసు, ఏడుగురం. పోర్టుకి ఓడ వచ్చిందంటే రాత్రంతా లారీలే. సరిగ్గా అప్పుడే సర్వర్ బిగుసుకుపోయేది. గేటు దగ్గర డ్రైవర్ల హారన్లు, ఫోన్లో సూపర్‌వైజర్ తిట్లు. రీస్టార్ట్ చేస్తే పది రోజులు బాగుండేది. మెమరీ 2 జీబీ నుంచి 4 జీబీకి పెంచాం. పది రోజులు కాస్తా మూడు వారాలైంది. అంతే తేడా.

అందరి కళ్లూ మా ట్రైనీ మీదే. లారీ ఫొటోలు, కాగితాల ఫొటోలు దాచే కోడ్ ఆ కుర్రాడే రాశాడు. గొడవ మొదలైంది అప్పట్నుంచే. పైగా అతని ప్రొబేషన్ ఆ నెలాఖరుతో అయిపోతుంది.

జావాలో మెమరీ మనం ఖాళీ చేయక్కర్లేదు, గార్బేజ్ కలెక్టర్ చూసుకుంటుంది అని కాలేజీలో చదువుకున్నాం కదా. లిస్ప్ కోసం జాన్ మెకార్తీ 1960లోనే చెప్పిన ఆలోచన అది. అది చేసే పని సింపుల్. నడుస్తున్న ఫంక్షన్ల వేరియబుల్స్, స్టాటిక్ వేరియబుల్స్ దగ్గర మొదలుపెట్టి, ఎవరు ఎవర్ని పట్టుకుని ఉన్నారో చూసుకుంటూ పోతుంది. అందినవన్నీ బతికున్నట్టు, అందనిది చెత్త. చాలా ఆబ్జెక్టులు పుట్టిన కాసేపటికే పోతాయి కాబట్టి కొత్తవాటిని విడిగా ఉంచి తరచూ ఊడుస్తుంది. మెమరీ గ్రాఫ్ గీస్తే రంపం పళ్లలా ఉంటుంది. ఎక్కుతుంది, దిగుతుంది. మాదీ రంపమే. కాకపోతే రోజురోజుకీ దిగే చోటు కాస్త పైకి జరుగుతోంది. అది ఎప్పుడో చూడాల్సింది. ఎవరం చూడలేదు.

ఆ శనివారం రాత్రి ఇంట్లో కూర్చుని హీప్ డంప్ తెరిచా. 3 జీబీకి పైగా ఒక్క స్టాటిక్ హ్యాష్‌మ్యాప్ కిందే ఉంది. లారీ లోపలికి రాగానే అందులో చేరుస్తాం, బయటికి వెళ్లగానే తీసేస్తాం. మరి మధ్యలో ట్రిప్ క్యాన్సిల్ అయితే? అక్కడ తీసేసే లైను లేదు. రోజుకి పదిహేను, ఇరవై ట్రిప్పులు అలా ఉండిపోతున్నాయి. మొదట్లో ఒక్కో ట్రిప్ అంటే నాలుగు లైన్ల టెక్స్ట్, ఎవరికీ కనబడలేదు. ఇప్పుడు ఫొటోలతో కలిపి పది ఎంబీ.

ఆ మ్యాప్ ఎవరు రాశారో చూశా. రెండేళ్ల కిందట. నేనే.

మంచినీళ్లకి లేచిన నాన్న "ఏటే, ఇంకా పడుకోలేదా?" అన్నారు. పోర్టులో క్లియరింగ్ ఏజెంట్ దగ్గర ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశారాయన. లారీలు, పెట్టెల భాషలో చెప్పా. వెంటనే అందుకున్నారు.

"కాగితం ఎవరి పేరు మీదుందో ఆళ్లు రావాల. అంతవరకూ పెట్టెని యార్డోడు ముట్టుకోడు. లోపల సరుకు కుళ్లినా అంతే. అయితే ముప్పై రోజులు దాటితే నోటీసిచ్చి, కస్టమ్స్ పర్మిషన్‌తో వేలం ఎయ్యొచ్చు. మీ దాన్లో ఆ రూలు లేదేటి?"

లేదు. ఎవరైనా పట్టుకుని ఉన్నారా అన్నదే కలెక్టర్‌కి తెలుసు. ఆ పట్టుకున్నవాళ్లకి ఇంకా అవసరం ఉందా అన్నది తెలియదు. ఆ రూలు మేమే రాసుకోవాలి.

రాశా. క్యాన్సిల్ అయితే వెంటనే తీసేయాలి, 24 గంటలు దాటినా తీసేయాలి, ఫొటోలు డిస్క్‌లోకి వెళ్లాలి. కమిట్ మెసేజ్‌లో 'చిన్న క్లీనప్' అని కొట్టా. అలా పంపేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. తప్పు ట్రైనీ ఖాతాలోనే ఉండిపోతుంది. నిజం చెప్పాలంటే చాలాసేపు ఆ రెండు మాటల్నే చూస్తూ కూర్చున్నా. తర్వాత చెరిపేసి, ఏ లైను లేదో, అది ఎవరు మర్చిపోయారో రాశా.

సోమవారం మీటింగ్‌లోనూ చెప్పా. మా లీడ్ "డంప్ మొదటి రోజే తీయాల్సింది" అని ఊరుకున్నాడు. ట్రైనీ ఏమీ అనలేదు. సాయంత్రం టీ దగ్గర పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, హీప్ డంప్ ఎలా తీస్తారు?"