గుంపు మీద కేసు ఎలా కట్టాలి?

సైబర్ క్రైమ్ ఠాణాకి వచ్చే ఆడపిల్లల్లో చాలామంది మొదట అడిగేది, "మేడమ్, మా నాన్నకి తెలియకుండా కంప్లైంట్ ఇవ్వొచ్చా?" అని. మేజరైతే ఇవ్వొచ్చమ్మా అంటాను. ఆ తర్వాతే ఫోన్ తీసి బల్ల మీద పెడతారు.

ఒక డిగ్రీ విద్యార్థిని సంగతి చెబుతాను. పెద్ద హీరో సినిమా తనకెందుకు నచ్చలేదో చెబుతూ చిన్న వీడియో పెట్టింది. తెల్లారేసరికి వందల మెసేజీలు. ఒకడు ఆమె ఫొటో మార్ఫింగ్ చేశాడు. ఒకడు ఫోన్ నంబరు బయటపెట్టాడు. ఇంకొకడు హాస్టల్ పేరు రాశాడు. మిగతావాళ్లు తలా ఒక బూతు. ఆ పిల్ల పరీక్షలకి కూడా వెళ్లలేదు.

ఇక సెక్షన్లు వెతకడం నా వంతు. మార్ఫింగ్ చేసినవాడికి ఐటీ చట్టం 67 పడుతుంది. నంబరు బయటపెట్టడమే నేరమని చెప్పే ప్రత్యేక సెక్షన్ మనకి లేదు. వెంటపడి వేధించడానికి భారతీయ న్యాయ సంహితలో 78 ఉంది కానీ, ఆమె ఇష్టం లేదని స్పష్టం చేశాక కూడా పదేపదే సంప్రదించి ఉండాలంటుంది. పదేపదే అంటే ఒకే మనిషి. మూడొందల మంది తలా ఒక్కసారి రాస్తే? ఆమెకి తగిలినవి మూడొందల దెబ్బలు. చట్టం లెక్కలో రెండోసారి కొట్టినవాడు ఎవడూ లేడు. అయిదుగురు కూడితే చట్టవిరుద్ధ సమూహమనే సెక్షన్ వీధిలో చేరిన గుంపుని చూసి రాసింది. ఎవరి గదిలో వాళ్లు కూర్చున్న గుంపుకి దాన్ని పెడితే కోర్టులో నిలబెట్టడం కష్టం. పరువునష్టమా, అది మేం నేరుగా కేసు కట్టేది కాదు, ఆమే కోర్టుకి వెళ్లాలి.

ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మెసేజీ పంపడమే నేరమనే ఐటీ చట్టం 66ఏ ఉంటే బాగుండేదని మావాళ్లు కొందరు అంటారు. నేను ఒప్పుకోను. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక ఫేస్‌బుక్ పోస్టుకి ఇద్దరమ్మాయిల్ని అరెస్టు చేసింది ఆ సెక్షన్ కిందే. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేయడం న్యాయమే. అది మళ్లీ వస్తే ముందు ఇరుక్కునేది ఆ వీడియో పెట్టిన అమ్మాయే.

సెక్షన్ దొరికినా మనిషి దొరకాలి. ఐటీ చట్టం కేసుని ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి, అంటే ఎస్.ఐ. ఒక్కరే ఉన్న ఠాణాలో ఫైలు అక్కడే ఆగుతుంది. కంపెనీ నుంచి ఐపీ అడ్రసు వస్తుంది. మొబైల్ నెట్‌లో ఒకే ఐపీని ఒకే క్షణంలో ఎందరో వాడుతుంటారు. పోర్టు నంబరు, సెకన్లతో సహా టైమ్ ఉంటేనే నెట్ ఇచ్చే సంస్థ ఫలానా వాడని చెప్పగలదు. కంపెనీ ఇచ్చే టైమ్ చాలాసార్లు మనది కాదు, అయిదున్నర గంటలు కలపాలి. అది మరిచిపోతే సంబంధం లేని ఇంటి తలుపు తడతాం. వీపీఎన్ వాడినవాడైతే దారి అక్కడితో మూసుకున్నట్టే. సర్వరు అమెరికాలో ఉండి కంపెనీ నేరుగా ఇవ్వనంటే, రెండు దేశాల మధ్య ఉన్న న్యాయ సహాయ ఒప్పందం కింద ఢిల్లీ మీదుగా కాగితాలు నడవాలి. ఈలోగా పిల్ల డిగ్రీ అయిపోతుంది.

అయినా చేతులెత్తేయడానికి వీల్లేదు. 2021 జులైలో ముస్లిం మహిళల ఫొటోలు పెట్టి "వేలం" అంటూ ఒక యాప్ వచ్చింది. ఢిల్లీలో కేసు కట్టారు, నెలలు గడిచినా ఒక్క అరెస్టూ లేదు. 2022 జనవరి 1న అలాంటిదే 'బుల్లీ బాయి' బయటపడింది. ముంబై పోలీసులు రోజుల్లోనే నిందితుల్ని పట్టుకున్నారు. ఢిల్లీ పాత కేసులో తొలి అరెస్టు కూడా ఆ నెలలోనే జరిగింది. అదే చట్టం, అవే విదేశీ కంపెనీలు. కొత్తగా వచ్చే ఎస్.ఐ.లకి నేను ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టి చెబుతాను. మొదటి ఆరు నెలలు ఆ ఆడవాళ్లు ఎలా గడిపారో ఆలోచించమంటాను.

కేసు నిలవాలంటే ఆధారాలు మిగలాలి, కానీ ఇంట్లోవాళ్లు భయంతో ముందు చేసే పని అన్నీ డిలీట్ చేయడం. దయచేసి అలా చేయకండి. పైకి కనిపించే పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అందుకే ఖాతా లింకు, పోస్టు లింకు, టైమ్ రాసుకోవాలి. స్క్రీన్‌షాట్ కోర్టులో చెల్లాలంటే సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ కావాలి, కాబట్టి ఆ ఫోన్ మార్చొద్దు. అవి భద్రపరిచాక తీసివేయించడం. నగ్న చిత్రమో మార్ఫింగో అయితే బాధితురాలు ఫిర్యాదు చేసిన 24 గంటల్లో తీసేయాలని 2021 నిబంధనల్లోనే పెట్టారు. మళ్లీ ఎక్కించకుండా 'స్టాప్ ఎన్‌సీఐఐ' అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మన ఫోన్ దాటి వెళ్లదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే అందులో చేరిన కంపెనీలకి వెళ్తుంది.

ఆ విద్యార్థిని కేసులో మార్ఫింగ్ చేసినవాడి మీద ఛార్జిషీటు వేశాం. మొదటిసారైతే 67కి మూడేళ్ల వరకు శిక్ష, బెయిలబుల్. అరెస్టు చేసిన సాయంత్రమే బెయిలు మీద వెళ్లిపోయాడు. మిగతా ఖాతాలన్నీ మా రైటర్ ఒక రిజిస్టర్‌లో ఎక్కించాడు. అప్పటినుంచి ప్రతి ఫిర్యాదులోని ఖాతాలనీ అందులో రాయిస్తున్నాను. వేరే వేరే అమ్మాయిల ఫిర్యాదుల్లో కొన్ని పేర్లు మళ్లీ కనిపిస్తున్నాయి, ఒకే గంటలో, ఒకే మాటలతో. ముందే అనుకుని దిగుతున్నారని చూపించగలిగితే న్యాయ సంహితలోని కుట్ర సెక్షన్ 61 పెట్టొచ్చు. వాళ్లు కూడబలుక్కున్న గ్రూపు చాట్ కావాలి. దాని కోసమే ఇప్పుడు తిరుగుతున్నాం.